గుండెజబ్బు గల పెద్దలకు తల తిరుగుట - కారణములు, పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

ఊరిలో ఒక పెద్దాయన కళ్లు తిరిగి పడిపోయినాడన్న కబురు ముందుగా చేరునది వైద్యునకు కాదు. వార్డు సభ్యునకో, సర్పంచికో చేరును. ఆటోను పిలిపించుట, 108కి ఫోను చేయించుట, ఆళ్లగడ్డకా నంద్యాలకా అని తేల్చుట, ఇంటివారికి ధైర్యము చెప్పుట, అన్నియు వారిమీదనే పడును. ఆ అయిదు పది నిమిషములలో వారు అడుగు ప్రశ్నలు, చేయు పనులు రోగికి మేలైనను చేయవచ్చును, కీడైనను చేయవచ్చును. అందుచేత ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

పెద్దతనములో తల తిరుగుట సామాన్యమే. అయితే గుండెజబ్బు ఉన్నవారికి, రక్తపోటునకు మాత్రలు వాడువారికి తల తిరిగినప్పుడు "వయస్సు వచ్చినది గదా" అని గాని, "పైత్యము చేసినది" అని గాని వదలివేయరాదు. దానికి కారణము చాలసారులు చిన్నది, సులభముగా సరిదిద్దదగినది. కొన్నిసారులు మాత్రము అది గుండె ఆగిపోవుటకు ముందు వచ్చు హెచ్చరిక. ఈ రెంటిని వేరుచేయుటయే ఈ పాఠములోని ముఖ్యాంశము.

ఏ విధముగా తిరిగినది?

మన ప్రాంతములో తల తిరిగినదన్న ఒక్క మాటలో నాలుగు వేర్వేరు అవస్థలు ఇమిడియున్నవి. కళ్లకు చీకట్లు కమ్మి పడబోవుట యొకటి. ఇల్లు, దూలములు, మంచము గిర్రున తిరుగుచున్నట్లు తోచుట రెండవది. తలలో ఏమియు లేకయే నడకలో తూలుట మూడవది. ఊరక దిమ్ముగా, నీరసముగా ఉండుట నాలుగవది. మొదటిది ఎక్కువగా రక్తప్రసారమునకు, అనగా గుండెకు, రక్తపోటునకు సంబంధించినది. రెండవది తరచుగా చెవికి సంబంధించినది. మూడవది నరములు, మెదడు, కాళ్లకు సంబంధించినది. నాలుగవదానికి రక్తహీనత, చక్కెర తగ్గుట, నిద్రలేమి, మనోవ్యథ మొదలైనవి ఏవైనను కారణములు కావచ్చును.

కావున మొదటి ప్రశ్న ఇట్లుండవలెను: "ఏమవ్వా, తల ఎట్ల తిరిగింది?" అవ్వ చెప్పు జవాబును మధ్యలో ఆపక వినవలెను. "లేస్తానే కండ్లకు మబ్బు కమ్మినట్లాయ నాయనా, గోడ పట్టుకుంటి" అని ఆమె యన్నచో సగము సంగతి తెలిసినట్లే. రెండవ ప్రశ్న, అప్పుడేమి చేయుచుంటివి అని. మూడవది, ఈ వారములో మాత్రలేమైన మారినవా అని. ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులను కాగితముపై వ్రాసి వైద్యునకు పంపినచో, ఖరీదైన పరీక్షలు కొన్ని అక్కరలేకపోవచ్చును.

లేచినంతనే వచ్చు తల తిరుగుడు

అన్నిటికంటె ఎక్కువగా కనిపించునది ఇదియే గనుక దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మనిషి కూర్చున్నచోటనుండి గాని, మంచము మీదనుండి గాని లేచి నిలిచినప్పుడు అరలీటరు మొదలు లీటరు వరకు రక్తము కడుపులోనికి, కాళ్లలోనికి దిగజారును. ఆరోగ్యవంతుని దేహము దీనిని క్షణములో గ్రహించి రక్తనాళములను బిగించును, గుండెను కొంచెము వేగముగా కొట్టించును. వయస్సు మీరినకొలది ఈ సర్దుబాటు మందగించును. మధుమేహము చాలకాలముగా ఉన్నవారిలో, ఆ పని చేయు నరములే దెబ్బతిని యుండును. అప్పుడు మెదడునకు చేరవలసిన రక్తము కొన్ని క్షణములపాటు తగ్గి కళ్లు బైర్లు కమ్మును. అరువదియైదేండ్లు దాటినవారిలో సుమారు ఐదుగురికి ఒకరిలో ఈ లోపము ఉన్నట్లు వైద్యులు అంచనా వేయుచున్నారు.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహములు చెక్కు శిల్పులను చూడుడు. గంటల తరబడి గొంతుక కూర్చుండి ఉలి పట్టి పనిచేసి, ఒక్కసారిగా లేచుదురు. పడుచువానికి ఏమియు కాదు. రక్తపోటు మాత్ర మింగి, ఎండలో చెమటోడ్చిన అరువదేండ్ల శిల్పికి అదే లేచుట ప్రమాదము కావచ్చును. ప్రక్కన చెక్కిన రాయి అంచు ఉన్నప్పుడు తల తిరుగుట కంటె పడుటయే ఎక్కువ హాని చేయును.

దీనికి తోడు మన ఎండలు. నంద్యాల ప్రాంతములో ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట మామూలు; కొన్ని దినములలో 45 కూడ దాటును. గుండె బలహీనమై కాళ్లకు నీరు పట్టినవారికి ఆ నీరు తీయుటకు మూత్రము ఎక్కువగా పోవు మాత్ర ఇత్తురు. చలికాలములో సరిపోయిన ఆ మోతాదే ఎండాకాలములో ఎక్కువ కావచ్చును. చెమటతో కొంత, మాత్రతో కొంత నీరు, ఉప్పు పోయి రక్తపోటు పడిపోవును. విరేచనములు పట్టుకొన్నప్పుడును ఇట్లే జరుగును. మహాశివరాత్రినాడు మహానందికి పోయి ఉపవాసముతో జాగరణము చేయు పెద్దలు ఉందురు. నీరు కూడ ముట్టక, ఉదయము వేసికొను మాత్రలు మాత్రము మానక మింగి, తెల్లవారుజామున కోనేటి మెట్లపై నిలిచినప్పుడు కళ్లు తిరుగుట వింత కాదు. ఉపవాసము ఉండదలచినవారు మాత్రల సంగతి ముందుగా వైద్యునితో మాటలాడుకొనుట మేలు. భక్తికి ఇందువలన లోపమేమియు కలుగదు.

మందుల పట్టికలో రక్తపోటును దించు మాత్రలేగాక, రొమ్మునొప్పికి నాలుక క్రింద పెట్టుకొను మాత్రయు, మగవారికి మూత్రము ధారాళముగా వచ్చుటకిచ్చు ప్రోస్టేటు మాత్రయు, నిద్రమాత్రయు చేరును. ఒక్కొక్కటి ఒక్కొక్క వైద్యుడు వ్రాసినదై, అన్నియు ఒక్క కడుపులోనే పడుచుండును. నాలుక క్రింద మాత్ర పెట్టుకొనువారు నిలుచుండక, తప్పనిసరిగా కూర్చుండియే పెట్టుకొనవలెను. రాత్రి మూత్రమునకు లేచునప్పుడు మంచము అంచున రెండు నిమిషములు కూర్చుండి, కాళ్లు నాలుగైదుసారులు ఆడించి, పిదప లేవవలెను. కడుపునిండ భోజనము చేసిన గంట రెండు గంటలలో కూడ కొందరికి రక్తపోటు తగ్గును. అట్టివారు కొంచెము కొంచెముగా ఎక్కువసారులు తినుట మంచిది.

దీనిని కనిపెట్టుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. గ్రామ ఆరోగ్యకేంద్రములో ఉండు రక్తపోటు యంత్రము చాలును. రోగిని అయిదు నిమిషములు పడుకొనబెట్టి ఒకసారి చూడవలెను. లేచి నిలిచిన ఒక నిమిషమునకు, మూడు నిమిషములకు మరల చూడవలెను. పై సంఖ్య 20 గాని అంతకంటె ఎక్కువ గాని తగ్గినను, క్రింది సంఖ్య 10 గాని అంతకంటె ఎక్కువ గాని తగ్గినను లోపము ఉన్నట్లే. కూర్చుండబెట్టి ఒక్కసారి మాత్రమే చూచి "నీ బీపీ బాగున్నది" అని పంపివేయుట మన పల్లెలలో జరుగుచున్న పొరపాటు. కూర్చున్నప్పుడు బాగున్న రక్తపోటే నిలుచున్నప్పుడు బాగుగా లేకపోవచ్చును.

నాడి చెప్పు సంగతి

కళ్లు తిరిగినవారి మణికట్టు పట్టి నాడి లెక్కించుట ఏడవ తరగతి పిల్లవానికి కూడ నేర్పవచ్చును. గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపవలెను. సాధారణముగా 60కి 100కి నడుమ ఉండును. 50కి తగ్గి, అదే సమయమున కళ్లు తిరుగుచున్నచో గుండెలోని విద్యుత్ ప్రేరణ పుట్టుటలో గాని, ప్రసరించుటలో గాని అడ్డంకి ఏర్పడియుండవచ్చును. ఊరకుండగనే 120కి మించియున్నను, ఒక దెబ్బకు మరియొక దెబ్బకు పొంతన లేకయున్నను, అది గుండె లయ తప్పినదనుటకు గుర్తు. ఇట్లు లయ తప్పిన గుండె పైగదులలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతము తెచ్చు ప్రమాదము కలదు. కనుక నాడి సరిగా లేనప్పుడు ఇ.సి.జి. తీయించుట ఆలస్యము చేయరాదు.

గుండె నెమ్మదించుటకు మందులు కూడ కారణమగును. ఎటినొలోలు, మెటోప్రొలోలు, డిల్టియాజెము, డిగాక్సిను అనునవి గుండెవేగమును తగ్గించుటకే ఇచ్చు మందులు. మోతాదు మించినచో, లేక రెండు మందులు కలిసినచో, అవసరమునకు మించి తగ్గించును. డిగాక్సిను జాతి మందు ఇంగ్లండులో ఒక పూలమొక్క ఆకులనుండి వచ్చినది. విలియం విదరింగ్ అను వైద్యుడు 1785లో దానిని గూర్చి గ్రంథము వెలువరించుచు, మోతాదు ఎక్కువైనచో వాంతులు, తల తిరుగుట, వస్తువులు పచ్చగా పసుపుగా కనబడుట, నాడి మిక్కిలి మందగించుట కలుగునని ఆనాడే హెచ్చరించినాడు. ఇన్నేండ్ల తరువాతను ఆ హెచ్చరిక చెల్లుచున్నది. మూత్రపిండములు మందగించిన వృద్ధుల దేహములో ఈ మందు నిలిచిపోవును గనుక వారికి మరింత జాగ్రత్త వలయును.

మందుల వలన గాక గుండె దానంతట అదే మందగించినప్పుడు పేస్‌మేకరు అను చిన్న యంత్రమును చర్మము క్రింద అమర్చుదురు. మొట్టమొదట దీనిని మనిషి దేహములోపల అమర్చినది 1958 అక్టోబరు 8న, స్వీడను దేశపు స్టాక్‌హోము నగరములో. ఆ రోగి ఆర్నె లార్సన్ వయస్సు అప్పుడు 43. ఆయన గుండె మాటిమాటికి నిలిచి స్పృహ తప్పుచుండెడిది. మొదటి యంత్రము కొన్ని గంటలలోనే చెడిపోయినను, తరువాత ఎన్నియో యంత్రములు మార్చుకొనుచు ఆయన 2001 వరకు, 86 ఏండ్ల వయస్సు వరకు జీవించినాడు. "గుండెలో మిషను పెట్టుదురట" అని భయపడి శస్త్రచికిత్సకు వెనుదీయు కుటుంబములకు ఈ సంగతి చెప్పదగియున్నది. పేస్‌మేకరు ఉన్నవారికే మరల తల తిరుగుట మొదలైనచో యంత్రపు బ్యాటరీని, తీగను పరీక్ష చేయింపవలెను.

మెట్లెక్కునప్పుడు వచ్చునది

కొందరికి లేచినప్పుడు గాక, శ్రమపడునప్పుడు మాత్రమే కళ్లు తిరుగును. ఎగువ అహోబిలము కొండదారిలో, జ్వాలా నరసింహుని సన్నిధికి ఎక్కునప్పుడు ఆయాసముతో, రొమ్ములో బిగువుతో కూలబడు పెద్దలను "అలసట" అని విసరి, నీళ్లు త్రాగించి మరల ఎక్కించుట పొరపాటు. గుండెనుండి దేహమునకు రక్తము పోవు ముఖద్వారపు కవాటము వయస్సుతో సున్నము పట్టి బిగిసిపోవు జబ్బు ఒకటి కలదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ ఇరుకు ద్వారము సరిపోవును. శ్రమపడునప్పుడు కావలసినంత రక్తము దానిగుండ పోజాలదు. ఇట్టివారిని మరియొక అడుగు ఎక్కనీయరాదు. క్రిందికి దింపి, గుండెను స్కానింగు చేయించి కవాటమును చూపించువరకు వారు బరువుపనులు, కొండయాత్రలు మానవలెను. చిన్నతనములో కీళ్లవాతముతో కూడిన జ్వరము వచ్చి కవాటములు చెడినవారు కూడ మన పల్లెలలో ఉన్నారు. వారికి లయ తప్పుట ఎక్కువ.

గుండెపోటు

గుండెపోటు అనగా రొమ్ము పట్టుకొని పడిపోవుటయే యని చాలమంది తలంతురు. వృద్ధులలోను, మధుమేహము ఉన్నవారిలోను రొమ్మునొప్పి లేకయే గుండెపోటు రావచ్చును. హఠాత్తుగా తల తిరుగుట, చల్లని చెమట, వాంతి వచ్చునట్లుండుట, ఆయాసము, దవడ గాని ఎడమచేయి గాని లాగుట, వీనిలో రెండు కలిసి కనిపించినను గుండెపోటుగానే భావించి కదలవలెను. గడ్డను కరిగించు సూదిమందు తొలి గంటలలోనే బాగుగా పనిచేయును.

2017 మార్చి 12వ తేదీన, నాటి నంద్యాల శాసనసభ్యులు భూమా నాగిరెడ్డి గారు ఆళ్లగడ్డలోని తమ ఇంట గుండెపోటునకు గురియైరి. ఆళ్లగడ్డలో ప్రథమ చికిత్స చేసి నంద్యాలకు తరలించిరి గాని ప్రాణము దక్కలేదు. వయస్సు 53 మాత్రమే; అంతకు పూర్వమే గుండెకు శస్త్రచికిత్స జరిగియుండెను. వాహనములు, మనుషులు, పలుకుబడి అన్నియు ఉన్న ఇంటనే ఇట్లు జరిగినప్పుడు, చాగలమర్రి ప్రక్కనో రుద్రవరము ప్రక్కనో ఉన్న చిన్న పల్లెలోని రైతుకుటుంబమునకు ఒక్కొక్క నిమిషము ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు ఇంకను డెబ్బది కిలోమీటర్ల పైమాట.

గుండెకు సంబంధము లేని కారణములు

గుండెజబ్బు ఉన్నవారికి వచ్చిన ప్రతి తల తిరుగుడును గుండెవలననే అనుకొనుటయు పొరపాటే. మంచముపై ప్రక్కకు తిరుగగనే, పైనున్న ఉట్టివైపు తల ఎత్తగనే ఇల్లంతయు గిర్రున తిరిగి ఒక నిమిషములోపుగా తగ్గిపోవుచున్నచో అది లోపలి చెవిలోని సూక్ష్మమైన సున్నపు రేణువులు స్థానము తప్పుటవలన కలుగునది. కె.సి. కాలువలో ఈదు పిల్లలకు చల్లని నీరు చెవిలో చేరి క్షణకాలము తల తిరుగుట చాలమందికి అనుభవమే. వియన్నా నగరపు వైద్యుడు రాబర్ట్ బరానీ చెవిలో చల్లని నీరు, వెచ్చని నీరు పోసి చూచి, తల తిరుగుటకు లోపలి చెవికి గల సంబంధమును నిరూపించి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందినాడు. రేణువుల జబ్బునకు మందు అవసరము లేదు. వైద్యుడు తలను ఒక క్రమములో త్రిప్పి నిమిషములలో నయము చేయగలడు. మెడనొప్పి, మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

మధుమేహమునకు మాత్ర గాని ఇన్సులిను గాని వాడి సరిగా తిననివారికి చక్కెర 70కి తగ్గి చెమటలు, వణకు, తల తిరుగుట కలుగును. స్పృహ ఉన్నచో చక్కెర నీళ్లు ఇయ్యవచ్చును. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. రక్తము పలుచనగుటకు మాత్రలు వాడువారు మోకాళ్లనొప్పికి దుకాణములో నొప్పిబిళ్లలు కొని మింగినచో కడుపులో పుండుపడి రక్తము కారును. మలము తారువలె నల్లగా వచ్చుచున్నదా అని తప్పక అడుగవలెను. సిగ్గుచేత పెద్దలు తమంతట తాము చెప్పరు. ఇక మూతి ప్రక్కకు పోవుట, ఒక చేయి జారిపోవుట, మాట ముద్దగా వచ్చుట, ఒకటి రెండుగా కనిపించుట తల తిరుగుటతో కలిసినచో అది పక్షవాతము. నాలుగున్నర గంటలలోపుగా స్కానింగు, చికిత్స గల ఆసుపత్రికి చేరవలెను.

చేయరాని పనులు

నీరసమనగానే గ్లూకోజు సీసా ఎక్కించుకొనుట మన పల్లెలలో ఒక ఆచారమైనది. రోగి అడుగును, సూదులు వేయువాడు కాదనడు. గుండె బలహీనమైనవానికి అట్లు సీసా మీద సీసా ఎక్కించినచో ఊపిరితిత్తులలో నీరు చేరి, తల తిరుగుటతో వచ్చినవాడు ఊపిరాడక పోవలసివచ్చును. ఈ ఒక్క అలవాటును మాన్పించిన పంచాయతీ ఎంతో మేలు చేసినట్లు.

తల తిరుగుటకు ఒకసారి ఇచ్చిన బిళ్లను నెలల తరబడి కొని మింగుట రెండవది. వానిలో కొన్ని వృద్ధులకు చేతులు వణకుట, నడక బిగిసిపోవుట తెచ్చును, రక్తపోటును మరింత దించును. మూడవది, భయపడి గుండెమాత్రలన్నియు ఒక్కసారిగా మానివేయుట. కొన్ని మాత్రలు హఠాత్తుగా మానినచో గుండెపోటు రావచ్చును. తగ్గించుట, మార్చుట వైద్యుని పని. ఉప్పు తగ్గింపుమని చెప్పినవారికి ఇరుగుపొరుగు వారు ఉప్పు మజ్జిగ చెంబులకొలది త్రాగించుట కూడ అట్టిదే. ఎండాకాలములో ఎంత నీరు, ఎంత ఉప్పు అని ముందుగా అడిగి తెలిసికొని యుండవలెను.

పంచాయతీ చేయదగినవి

కళ్లు తిరిగినవారిని ఉన్నచోటనే నేలపై వెల్లకిల పడుకొనబెట్టి కాళ్లు ఎత్తిపట్టవలెను. ఆయాసమున్నచో మాత్రము కూర్చుండబెట్టవలెను. చుట్టు మూగినవారిని తొలగింపవలెను. స్పృహ తప్పి శ్వాస లేనిచో 108కి ఫోను చేయుచునే రొమ్ము నడిమి ఎముకపై రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 సారులు గట్టిగా అదుమవలెను. 2005లో ప్రారంభమైన 108 సేవ ఊరికి వచ్చులోపుగా చేయదగిన పని ఇదొక్కటే. దీనిని నేర్పుటకు ఆరోగ్యకేంద్రపు సిబ్బందిని గ్రామసభకు ఆహ్వానింపవచ్చును. వార్డునకు ఇద్దరు నేర్చినను చాలును.

గుండెజబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలు వాడు మాత్రలన్నియు, నొప్పిబిళ్లలు, చూర్ణములు సైతము, ఒక సంచిలో వేసి నెలకొకసారి ఆరోగ్యకేంద్రమునకు తెచ్చునట్లు ఆశా కార్యకర్త ద్వారా ఏర్పాటు చేయవచ్చును. అక్కడ పడుకొనబెట్టి, నిలువబెట్టి రక్తపోటు చూడుమని సభ్యులు అడుగవలెను, అడుగుటలో తప్పులేదు. బియ్యము, ఎరువులు ఇచ్చుచోట పెద్దలు ఎండలో నిలువకుండ నీడ, బల్ల, త్రాగునీరు ఏర్పరచుట పంచాయతీ చేతిలోని పనియే. రాత్రిపూట దొడ్డివైపు పోవు దారిలో వీధిదీపము వెలుగుచున్నదా యనునదియు ఈ లెక్కలోనికే వచ్చును.

మూడవది దారి. మీ ఊరినుండి ఇ.సి.జి. తీయగల దగ్గరి ఆసుపత్రి ఏది, రాత్రివేళ అక్కడ వైద్యుడు ఉండునా, వాన కురిసి వాగు పొంగినప్పుడు ఏ త్రోవ మిగులును అను సంగతులను ముందుగానే విచారించి పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించి ఉంచవలెను. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైనది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. పూర్వము కర్నూలునకే పోవలసిన కొన్ని పరీక్షలకు అక్కడికే పోవచ్చును. ఏవి జరుగును, ఏ దినములలో గుండెవైద్యుడు ఉండును అని సర్పంచి ఒకసారి పోయి కనుగొని వచ్చినచో, ఊరివారు పదిమంది పదిసారులు తిరుగు ఖర్చు తప్పును.